సినిమా, టీవీ బొమ్మల సెట్లు: పిల్లలకు గిఫ్ట్‌గా ఎలా ఎంచుకోవాలి?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే మన కుటుంబాలకు ఏదో ఒక బర్త్‌డే పిలుపు వస్తూనే ఉంటుంది. స్కూల్లో తోటి పిల్లలదైతే ఏదో ఒకటి ఇచ్చేస్తాం. మేనల్లుడిదో, అన్నయ్య కూతురిదో అయితే అలా సరిపెట్టలేం. ఏం కావాలని అడిగితే పిల్లలు చెప్పే పేర్లు స్పైడర్‌మ్యాన్, హ్యారీ పాటర్, ఛోటా భీమ్, పోకెమాన్. షాపుకు వెళ్తే ఒక్కో పేరు మీద గోడ నిండా పెట్టెలు. వందల్లో దొరికేవి ఉంటాయి, వేలల్లో ఉన్నవీ ఉంటాయి. 'కలెక్టర్స్ ఎడిషన్' అని రాసి అద్దాల బీరువాలో పెట్టినవి కూడా కనిపిస్తాయి.

వీటిలో పిల్లల చేతికి ఇవ్వదగినదాన్ని ఎలా ఎంచుకోవాలో వరుసగా చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లలకిచ్చే సెట్టు ఒకేసారి పూర్తయిపోయినదై ఉండకూడదు. తర్వాత వాళ్లే ఒక్కొక్కటి కలుపుకుంటూ పెంచుకోగలిగేదై ఉండాలి. ఎంచుకోవడంలో మిగతావన్నీ దీని తర్వాతే.

1. ఏ సినిమా ఇష్టమని కాదు, చూశాక ఏం చేస్తారని అడగండి

పిల్లల అమ్మకు ఫోన్ చేసి "వాడికి ఏ హీరో ఇష్టం వదినా?" అని అడిగితే పేరు తెలుస్తుంది కానీ గిఫ్ట్ తెలియదు. "టీవీ ఆపేశాక వాడు ఏం చేస్తాడు?" అని అడగండి. ఒకే కార్టూన్ చూసే ఇద్దరు పిల్లలు పూర్తిగా వేరు వేరుగా ఆడతారు.

కొందరు కథను మళ్లీ ఆడతారు. దిండ్లు కొండలవుతాయి, సోఫా కోట అవుతుంది, గొంతులు మార్చి మాటలు చెబుతారు. నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లల్లో ఎక్కువమంది ఈ రకమే. వీళ్లకు కావాల్సింది పాత్రల గుంపు. ఇక్కడే చాలామంది పెద్దవాళ్లు ఒక్క హీరో బొమ్మను, అదీ అన్నిటికంటే పెద్ద సైజుది, కొనేస్తారు. ఒక్క హీరోతో కథ నడవదు. ఛోటా భీమ్‌నే తీసుకోండి. హైదరాబాద్‌కు చెందిన గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన ఈ సీరియల్ 2008లో పోగో చానల్లో మొదలైంది. అందులో భీమ్ ఒక్కడే ఉంటే ఏముంది? చుట్కీ లడ్డూ ఇవ్వాలి, కాలియా గొడవకు దిగాలి, ఢోలు భోలు వాడి వెనక నిలబడాలి, జగ్గు చెట్టెక్కాలి. అడుగు ఎత్తున్న భీమ్ బొమ్మ ఒకటి కంటే, వేలెడంత బొమ్మలు ఆరున్న సెట్టు పిల్లలకు వంద రెట్లు ఎక్కువ ఆట ఇస్తుంది. సూపర్‌హీరోల విషయంలోనూ అంతే, విలన్ లేని సెట్టు కొనకండి. పెట్టె మీద ఎన్ని పాత్రలున్నాయో లెక్కపెట్టండి. అన్నీ ఒకే సైజులో ఉన్నాయా, నిలబెడితే నిలబడతాయా, చేతులు కాళ్లు కదులుతాయా అన్నవి చూడండి.

కొందరికి కట్టడం ఇష్టం. వాళ్లకు కథతో పెద్దగా పని ఉండదు, ఆ బండి ఎలా ఉంది, ఆ కోటకు తలుపులెన్ని అన్నది కావాలి. వీళ్లకు బ్రిక్స్ సెట్లు, అంటే ఒకదానిలో ఒకటి బిగించి కట్టే ప్లాస్టిక్ ముక్కలు. లెగో సంస్థ 1999లో స్టార్ వార్స్ సెట్లు, 2001లో హ్యారీ పాటర్ సెట్లు తెచ్చింది. ఇప్పుడు పేరున్న సినిమా ఏది తీసుకున్నా దాదాపు ఏదో ఒక బ్రిక్స్ సెట్టు దొరుకుతుంది.

ఇంకొందరు వరుసగా పేర్చి చూసుకుంటారు. కార్లు గోడ వెంట నిలబెడతారు, రంగుల ప్రకారం, సైజుల ప్రకారం మారుస్తుంటారు. వీళ్లు నిజమైన కలెక్టర్లు. వీళ్లకు 1:64 స్కేల్‌లో, అంటే అసలు కారు పొడవులో అరవై నాలుగో వంతుతో వచ్చే హాట్ వీల్స్ లాంటి చిన్న లోహపు కార్లు చక్కగా సరిపోతాయి. 1968 నుంచి వస్తున్న ఈ కార్లలో బ్యాట్‌మొబైల్ లాంటి సినిమా బండ్లు కూడా ఉన్నాయి. ధర అందుబాటులో ఉంటుంది, అన్నీ ఒకే కొలతలో ఉంటాయి, అగ్గిపెట్టెల్లా అర మీద పేర్చుకోవచ్చు. మొదటి గిఫ్ట్‌గా నేను ఎక్కువగా సిఫార్సు చేసేది ఇదే.

కార్డులు పోగుచేసే పిల్లలు నాలుగో రకం. వాళ్ల గురించి తర్వాత చెబుతాను, అందులో నకిలీల గొడవ ఎక్కువ.

2. వయసు రెండు చోట్ల చూడాలి

పెట్టె మీద ఉన్న వయసు బొమ్మది. సినిమా వయసు వేరు. ఈ రెండూ కలవాలన్న రూలేమీ లేదు. ఎనిమిదేళ్ల వాళ్లు కట్టగలిగే సెట్టు, పదమూడేళ్లు దాటాక చూడాల్సిన సినిమాది కావచ్చు. గిఫ్ట్ ఇచ్చాక పిల్లలు "ఆ సినిమా పెట్టండి" అని అడుగుతారు కదా, అప్పుడు ఇబ్బంది పడేది వాళ్ల అమ్మానాన్నలు. మన దేశంలో 2023 చట్ట సవరణ తర్వాత సెన్సార్ సర్టిఫికెట్లలో యూ/ఏ 7+, 13+, 16+ అని విడిగా ఇస్తున్నారు. ఓటీటీలో కూడా ఇవే మెట్లు కనిపిస్తాయి. కొనే ముందు ఫోన్‌లో ఒక్కసారి చూసుకుంటే సరిపోతుంది. స్ట్రేంజర్ థింగ్స్ లాంటి భయపెట్టే సిరీస్ బొమ్మలు ఎంత ముద్దుగా ఉన్నా చిన్నపిల్లలకు వద్దు.

ఇక పెట్టె మీది వయసు. మూడేళ్ల లోపు వారికి తగదని చెప్పే గుర్తు ఒకటి ఉంటుంది. ఎర్ర సున్నాలో పసిపాప ముఖం, 0-3 అంకెలు, అడ్డంగా గీత. ఇది తెలివితేటలకు సంబంధించినది కాదు, గొంతుకు సంబంధించినది. సుమారు 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గొట్టంలో పట్టేసే ముక్క ఏదైనా పసిపిల్లల గొంతుకు అడ్డం పడొచ్చని లెక్క. గిఫ్ట్ అందుకునే పిల్లాడికి ఎనిమిదేళ్లే కావచ్చు, ఇంట్లో పాకే చెల్లెలు ఉందేమో ముందే అడగండి. ఉంటే చిన్న చిన్న కత్తులు, టోపీలు, హెల్మెట్లు ఉన్న సెట్లు ఇప్పుడు వద్దు. లైట్లు, సౌండ్లు వచ్చే బొమ్మయితే బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉందో లేదో తప్పకుండా చూడండి. బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. వేడుకల హడావుడిలో ఎవరూ గమనించరు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

మూడేళ్ల లోపు పిల్లలకు అసలు సినిమా సెట్టే అక్కర్లేదు. మైసూరు రోడ్డులో ఓ అరవై కిలోమీటర్లు వెళ్తే చన్నపట్న ఉంది. అక్కడి లక్క రంగుల కొయ్యబొమ్మలు, మన ఏటికొప్పాక బొమ్మలు ఆ వయసుకు హాయిగా ఉంటాయి. వాటిలోనూ విడిపోయే చిన్న ముక్కలు లేనివి తీసుకోండి.

బ్రిక్స్ సెట్ల విషయంలో వయసుతో పాటు ముక్కల సంఖ్య చూడండి. మొదటిసారి కట్టే ఆరేళ్ల పిల్లకు వంద నుంచి రెండు వందల ముక్కలు చాలు. కొంచెం అలవాటున్న ఎనిమిది, తొమ్మిదేళ్ల వాళ్లకు మూడు నుంచి ఆరు వందలు. లెగోలో 4+ అని వచ్చే పెట్టెల్లో ముందే అమర్చిన పెద్ద ముక్కలుంటాయి, మొదలుపెట్టడానికి అవి మంచివి. 2018లో వచ్చిన హ్యారీ పాటర్ హాగ్వర్ట్స్ కోటలో 6,020 ముక్కలు, 2017 నాటి స్టార్ వార్స్ అంతరిక్ష నౌక, పెద్ద మిలీనియం ఫాల్కన్‌లో 7,541 ముక్కలు. అవి అద్భుతమైన వస్తువులే, కానీ పెద్దవాళ్ల కోసం తయారైనవి. పదేళ్ల పిల్లాడికి ఇస్తే నాన్న కడతాడు, పిల్లాడు పక్కన కూర్చుని చూస్తాడు, కట్టాక ముట్టుకోవద్దంటారు.

3. 'కలెక్టబుల్' అన్న మాటను జాగ్రత్తగా చదవండి

పెద్దల కోసం చేసే ఖరీదైన బొమ్మల మీద తరచుగా '14+' అనో '15+' అనో, 'ఇది ఆటబొమ్మ కాదు' అనో రాసి ఉంటుంది. ఆ చిన్న అక్షరాలకు బరువుంది. మన దేశంలో ఆటబొమ్మల నాణ్యత ఆదేశం 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. పెద్దల షోపీస్‌లు ఆ లెక్కలోకి రావు. అంటే వాటి రంగులో ఏముంది, అంచులు కోసుకుంటాయా అన్న పరీక్షలు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కాకపోవచ్చు.

కొన్నేళ్లకు తయారీ ఆగిపోయి ధర పెరుగుతుందని సీల్ తీయకుండా దాచే అలవాటు పెద్దవాళ్లలో ఉంది. వాళ్ల డబ్బు, వాళ్ల సరదా. పిల్లలకు ఇచ్చేటప్పుడు మాత్రం "పెట్టె చింపకు, రేపు దీని ధర పెరుగుతుంది" అని చెప్పే సెట్టు కొనొద్దు. చింపే హక్కు లేని గిఫ్ట్ పిల్లలకు గిఫ్ట్ కాదు.

లోపల ఏముందో తెలియని పెట్టెలు మరో సంగతి. లెగో 2010 నుంచి ఇలా చిన్న మనుషుల సిరీస్‌లు తెస్తోంది. మొదట ప్లాస్టిక్ కవర్లు ఉండేవి, పైనుంచి తడిమి పోల్చుకునేవాళ్లు. 2023 నుంచి అట్టపెట్టెలు వచ్చాయి, తడిమితే తెలియదు. వచ్చిందే మళ్లీ వస్తే చిన్నపిల్లలు ఏడుస్తారు. అపార్ట్‌మెంట్లో మార్చుకునే స్నేహితులున్న తొమ్మిది, పదేళ్ల పిల్లలకైతే సరదాగా ఉంటుంది. అప్పుడు కూడా అసలు గిఫ్ట్‌తో పాటు ఒకటి ఇవ్వండి, అదే గిఫ్ట్ కాకూడదు.

4. చిన్నగా మొదలుపెట్టే సెట్టు కొనండి

మన ఇళ్లలో బొమ్మల కొలువు ఎలా పెరుగుతుందో చూడండి. కొందరు దసరాకు పెడతారు, కొందరు సంక్రాంతికి. ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేరాలంటారు. అమ్మమ్మ కొన్న కొండపల్లి దశావతారాల పక్కన అమ్మ కొన్న పెళ్లి బృందం చేరుతుంది. ఎవరూ కొలువంతా ఒక్కరోజు కొనుక్కురారు. పిల్లల సెట్లకు కూడా నేను ఇదే పద్ధతి చెబుతాను.

షాపులో పెట్టె పట్టుకున్నాక మూడు ప్రశ్నలు వేసుకోండి. దీనికి తోడుగా రాగలిగే చిన్న సెట్లు ఉన్నాయా? అవి ఇప్పటికే ఇంట్లో ఉన్నవాటితో కలుస్తాయా? పిల్లలు దాచుకున్న పాకెట్ మనీతో రెండోది కొనుక్కోగలరా? మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. మీరిచ్చింది ఐదు వేలదై, దానికి తోడు కూడా ఐదు వేలదే అయితే ఆ సెట్టు అక్కడే ఆగిపోతుంది. ఒక చిన్న సెట్టు, రెండు విడి బొమ్మలు ఇచ్చి, "మిగతావాళ్లను నువ్వే వెతుక్కో" అంటే పిల్లలకు పని దొరుకుతుంది. బాబాయి ఒకటి, పిన్ని ఒకటి, సంక్రాంతి డబ్బులతో వాళ్లే ఒకటి, ఇలా పెరుగుతుంది. బంధువులు నలుగురు ఉంటే ముందే మాట్లాడుకోండి, అందరూ ఒకే సినిమా సెట్లు పంచుకుని కొంటే పిల్లలకు పండగే.

కలవడం గురించి ఒక మాట. 1958లో పేటెంట్ తీసుకున్న నాటి లెగో బ్రిక్స్ నేటి వాటితో కలుస్తాయి. ఆ పేటెంట్ గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి అదే కొలతతో ఇతర కంపెనీలు కూడా తయారుచేస్తున్నాయి. అది తప్పేమీ కాదు, కొన్ని బాగానే బిగుస్తాయి. కానీ సినిమా పాత్రల హక్కులు వేరు. తక్కువ ధర పెట్టెలో పేరు లేకుండా, లేదా పేరులో ఒక అక్షరం మార్చి సూపర్‌హీరో ఉన్నాడంటే అది లైసెన్స్ లేని సరుకు.

ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒక పెద్ద సెట్టు బదులు ఒకే కథకు చెందిన రెండు చిన్న సెట్లు ఇవ్వండి. ఎవరిది వాళ్లదే, కలిపితే ఆట పెద్దదవుతుంది.

5. పెట్టెను తిప్పి చూడండి

ముందువైపు బొమ్మ చూసి మోసపోకండి, వెనకవైపు చదవండి. ఐఎస్ఐ గుర్తు, దానితో పాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉండాలి. ఫోన్‌లో ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే ఏ తయారీదారుకు, ఏ వస్తువుకు ఇచ్చారో వస్తుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కర్ తప్పనిసరి. అవేవీ లేకుండా "ఇంపోర్టెడ్ సార్, ఒరిజినల్" అంటే నమ్మొద్దు.

దిగుమతి బొమ్మల ధర చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70 శాతానికి పెంచారు. అందుకే అమెరికాలో ఉన్న అక్కకు "వచ్చేటప్పుడు పట్టుకురా" అని చెప్పడం మన ఇళ్లలో మామూలైపోయింది. తెచ్చే వాళ్లకు ఒక ఉపాయం: బ్రిక్స్ సెట్ల పెట్టెల్లో ముక్కలకంటే ఖాళీయే ఎక్కువ. లోపలి కవర్లు, పుస్తకం తీసి సూట్‌కేసులో సర్ది, అట్టపెట్టెను మడిచి అడుగున పెడితే సగం చోటు మిగులుతుంది.

ఇక కార్డులు. పోకెమాన్ కార్డులు 1996లో జపాన్‌లో మొదలయ్యాయి. అసలు కార్డు కొలత 63 బై 88 మిల్లీమీటర్లు, ఇంగ్లిష్ కార్డులన్నిటికీ వెనకవైపు ఒకే డిజైన్, ఒకే రంగు. స్టేషనరీ షాపుల్లో వేలాడే ప్యాకెట్లలో కార్డులన్నీ బంగారు రేకులా తళతళలాడుతుంటే అవి అసలైనవి కావు. అక్షరాల్లో తప్పులుంటాయి, కార్డు పలచగా వంగిపోతుంది. ఆరేళ్ల పిల్లలకు ఆ తేడాతో పని లేదు, ఆడుకుంటారు. పదేళ్ల పిల్ల మాత్రం స్కూల్లో స్నేహితుల ముందు చిన్నబోతుంది. ఆమెకు అసలు ప్యాకెట్లు రెండే ఇచ్చినా మేలు. వాటితో పాటు కార్డులు దాచుకునే కవర్ల ఆల్బమ్ ఒకటి ఇవ్వండి.

6. బెంగళూరులో ఎక్కడ చూడాలి

మహదేవపురలోని ఫీనిక్స్ మార్కెట్‌సిటీ, రాజాజినగర్ ఒరాయన్ లాంటి మాల్స్‌లో బొమ్మల షాపులకు వెళ్తే పెట్టెను చేతిలో పట్టుకుని సైజు చూడొచ్చు. కొనకపోయినా ఒకసారి చూసి రండి, ఆన్‌లైన్ ఫోటోలో కోటలా కనిపించింది అరచేతిలో పట్టేదై ఉంటుంది. చిక్‌పేట, మామూల్‌పేట సందుల్లో రిటర్న్ గిఫ్ట్‌లకు హోల్‌సేల్ ధరలు బాగుంటాయి. లైసెన్స్ ఉన్న సినిమా సెట్టు కోసమైతే అక్కడ రెండు కళ్లూ తెరిచి వెతకాలి. బేరం తెలుగులోనూ సాగుతుంది, బిల్లు మాత్రం అడిగి తీసుకోండి. పెద్ద పిల్లలుంటే వైట్‌ఫీల్డ్ వైపు జరిగే కామిక్స్, సినిమా అభిమానుల మేళా కామిక్ కాన్‌కు తీసుకెళ్లి వాళ్లనే ఎంచుకోమనండి, ముందే బడ్జెట్ చెప్పి.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో పాత సెట్లు అమ్మకానికి వస్తుంటాయి. బ్రిక్స్ పాతబడవు కాబట్టి ఇవి మంచి బేరం. కట్టే పుస్తకం పోయినా లెగో తన వెబ్‌సైట్లో ఉచితంగా ఇస్తుంది. పాత్రల బొమ్మలున్నాయా అని మాత్రం ముందే అడగండి, మొదట పోయేవి అవే.

డీవీడీ, బ్లూ-రే బాక్స్ సెట్లు కూడా కొందరు గిఫ్ట్‌గా అనుకుంటారు. ఆ ఇంట్లో ప్లేయర్ ఉందో లేదో కనుక్కోండి. విదేశాల నుంచి తెప్పిస్తే రీజియన్, అంటే ఆ డిస్క్ ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే కోడ్, కూడా చూడాలి. మనది డీవీడీకి 5, బ్లూ-రేకి సి. ప్లేయర్ లేకపోతే ఆ ఆలోచన వదిలేసి, చర్చ్ స్ట్రీట్ పుస్తకాల షాపుల్లో అదే కథ పుస్తకం వెతికి ఒక చిన్న బొమ్మతో కలిపి ఇవ్వండి. చదివే పిల్లలకు ఇది చాలా మంచి జత.

7. ఊరికి తీసుకెళ్లాలంటే

అనంతపురమో, నెల్లూరో, విజయవాడో రాత్రి బస్సులో వెళ్తుంటే పెట్టెను డిక్కీలో వేయకండి. పక్కన బియ్యం మూట పడితే అట్ట నలిగిపోతుంది. సీటు దగ్గరే పెట్టుకునే సైజు కొనండి, లేదా దుప్పట్ల మధ్య సర్దండి. ఊళ్లో మార్చుకోవడం కష్టం కాబట్టి వయసు, పాత ముక్కలతో పొసగడం రెండోసారి సరిచూసుకోండి.

8. ఇచ్చిన రోజు, ఆ తర్వాత

పార్టీలో అందరి ముందు పెట్టె విప్పనివ్వకండి. పదిమంది పిల్లల మధ్య చిన్న ముక్కలు కుర్చీల కిందికి పోతాయి. మర్నాడు ఉదయం విప్పితే బాగుంటుంది. బ్రిక్స్ సెట్లలో కవర్ల మీద 1, 2, 3 అని నంబర్లుంటాయి. రోజుకొక కవరు చొప్పున కట్టమని చెప్పండి. స్టీలు పళ్లెంలో పోసుకుంటే ముక్కలు దొర్లవు. చివర్లో ఒకటి రెండు చిన్న ముక్కలు మిగిలితే భయపడొద్దు, అదనంగానే ఇస్తారు, డబ్బీలో దాచమనండి.

అమ్మమ్మ, నాయనమ్మ ఇంట్లో ఉంటే పాత్రల పేర్లు వాళ్లకు చెప్పే పని పిల్లలకు అప్పగించండి. సినిమా ఇంగ్లిష్‌లో చూసినా ఆ కథ తెలుగులో చెప్పాల్సి వస్తుంది. ఇక్కడ పెరిగే మన పిల్లలకు ఇలాంటి అవకాశాలు తక్కువ.

దాచే చోటు కూడా గిఫ్ట్‌లో భాగమే అనుకోండి. మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి కలిపి ఇస్తే వాళ్ల అమ్మ మీకు రుణపడి ఉంటుంది. బాల్కనీ ఎండలో పెడితే ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. దుమ్ము పడితే గోరువెచ్చని నీళ్లలో, అంటే 40 డిగ్రీలు మించకుండా, కొంచెం సబ్బు వేసి కడగాలి. స్టిక్కర్లున్నవి, బ్యాటరీలున్నవి నీళ్లలో వేయకూడదు. బోర్ నీళ్లయితే వెంటనే గుడ్డతో తుడవాలి, లేకపోతే తెల్ల మరకలు మిగులుతాయి.

బిల్లు నెల రోజులైనా దాచి ఉంచండి. అప్పటికే ఆ సెట్టు వాళ్ల దగ్గర ఉంటే మార్చుకోవచ్చు. సీల్ తీయకముందే అడగమని వాళ్ల అమ్మతో చెప్పి ఉంచండి.

రెండు మూడు నెలల తర్వాత ఒకసారి ఫోన్ చేసి ఆ సెట్టు ఇప్పుడు ఎలా ఉందని పిల్లల్నే అడగండి. కొత్తగా ఏం చేరింది, ఏది ఇంకా దొరకలేదు అని వాళ్లు గుక్క తిప్పుకోకుండా చెబితే, వచ్చే బర్త్‌డేకు ఏం కొనాలో మీకు తెలిసిపోయినట్టే. అది అటక మీదికి వెళ్లిపోయిందని తెలిస్తే అదే సినిమా మళ్లీ కొనకండి. మొదటి ప్రశ్నకు తిరిగి వెళ్లి, ఈమధ్య టీవీ ఆపేశాక ఏం ఆడుతున్నారో అడగండి.